బాల్కనీ ఆటవెలదికి టీకా తాత్పర్యము

అవతారిక: మాఘం వెళ్ళీ వెళ్ళకముందే హిమాయత్‌నగర్ సందుల్లో ట్రాలీ ఆటోల మీద కడియం మొక్కలు ఊరేగుతాయి. విరగబూసినదాన్నే ఏరి కొని, వైశాఖంలో ఎండుపుల్లను చెత్తబండికి అప్పగించే గృహస్థులను ఉద్ధరింపగోరి కవి యిట్లనుచున్నాడు.

పెట్టు మెండలోన బిళ్ళగన్నేరును
నీళ్ళు మితము చేయ నిండుఁ బూలు
మల్లె కొమ్మఁ గోసి మార్గశిరమునందు
చైత్రమాసమందు సంతసించు!

ప్రతిపదార్థము: ఎండలోనన్ = రోజుకు ఐదారు గంటలు ఎండ తగిలే గోడవారను; బిళ్ళగన్నేరును = ఆ పేరుగల మొక్కను; పెట్టుము = కుండీతో సహా ఉంచుము; నీళ్ళు = నల్లా నీళ్ళను; మితము చేయన్ = పైమట్టి వేలికి పొడిగా తగిలినప్పుడే పోయగా; పూలు నిండున్ = పూలు నిండుగా పూయును; మార్గశిరమునందు = నవంబరు, డిసెంబరులలో; మల్లె కొమ్మన్ = మల్లె యొక్క ముదురు కొమ్మలను; కోసి = మోకాలెత్తుకు కత్తిరించి; చైత్రమాసమందు = ఉగాది వేళ; సంతసించు = మురిసిపొమ్ము.

తాత్పర్యము: వసంతపు పూలను వసంతంలో ఎంచుకొనరాదు. ముందు ఎండను చూసుకొని, తరువాత మొక్కను చూసుకొనవలెను.

విశేషములు: "పెట్టుము" అనెనేకాని "నాటుము" అనలేదు. కవికి పెరడు లేదనియు, అపార్టుమెంటువాసి యనియు దీనిచే తెలియుచున్నది. పెట్టుము + ఎండ = పెట్టుమెండ, ఉత్వసంధి.

బిళ్ళగన్నేరు మడగాస్కర్ నుంచి వచ్చి మన గోడల పగుళ్ళలో సైతం మొలిచే మొండిది. రక్తక్యాన్సరుకు వాడే విన్‌క్రిస్టిన్ మందు తొలుత దీనినుండియే తీయబడినది. ఇంతటి దానిని చంపగలది ఒక్క అతిప్రేమ. నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళును.

"మితము" అనుటలో రెండవ యర్థము కలదు. పై అంతస్తు కుండీ పొంగిన, కింది అంతస్తు పిన్నిగారు ఆరేసిన చీర తడియును. మొదటిది వృక్షశాస్త్రము, రెండవది ధర్మశాస్త్రము.

మల్లె కొత్తచిగుళ్ళకే మొగ్గ తొడుగును. పాతకొమ్మ మీది మమకారముతో కత్తెర దాచిన ఇల్లాలికి చైత్రమున ఆకులే ప్రాప్తి.

శంక: ట్రాలీలో కళకళలాడు పెటూనియాను కవి ఏల విడిచెను?

సమాధానము: అది మన ఊళ్ళో చలికాలపు పువ్వు. అక్టోబరులో విత్తినవారికి ఫిబ్రవరి దాకా కనులపండుగ. ఉగాదికి కొనితెచ్చినవారికి మాత్రము నలభై డిగ్రీల ఏప్రిల్‌లో కర్మకాండయే.

శంక: అయినచో బిళ్ళగన్నేరు ఒక్కటియే గతియా?

సమాధానము: కాదు, అది ఉపలక్షణము. గడ్డిగులాబీ, కాగితంపూలు కూడ గ్రాహ్యములు. కాగితంపూలకైతే నీళ్ళు తగ్గించినకొద్దీ రంగు హెచ్చును. ఉత్తరపు బాల్కనీలో ఎండపొడ లేని నారాయణగూడవాసులు కనకాంబరమును ఆశ్రయింతురు గాక. అది కొంత నీడకు ఓర్చును.

వ్యాఖ్యాత విన్నపము: మెదకుసీమ కొల్చారానికి చెందిన మల్లినాథసూరి, మూలములో లేనిది రాయనని ప్రతినబూని కాళిదాసుకు వ్యాఖ్య చేసెను. మేమును ఆ త్రోవనే నడిచితిమి. కుండీ ఇరుకగుటచే మూలము కొంత పక్కలకు పాకినది, క్షంతవ్యము.

ఫలశ్రుతి: ఈ పద్యమును శుక్రవారము పఠించిన చిక్కడపల్లి గృహిణికి పూలబండివానితో బేరము తప్పును. అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్‌కు చదువు అభ్యర్థులు కిటికీలో ఒక మల్లెకుండీ పెట్టుకొనవచ్చును. నోటిఫికేషన్ కన్నా ముందు అదే పూయును.