మెర్జుగారు

పెంటపాడు చుట్టుపక్కల ఏ ఆఫీసుకెళ్లినా, ఏ రైసుమిల్లు గుమాస్తా గదిలోకి తొంగిచూసినా ఈయన ఒకరు కనిపిస్తారు. పేరు ఏదైనా కావచ్చు. మేం మెర్జుగారు అంటాం. మా మెర్జుగారిది ఏ ఆఫీసని మాత్రం అడక్కండి, అక్కడ నాకింకా రెండు బిల్లులు రావాలి.

యాభై అయిదు దాటి ఉంటాయి. జేబులో రెండు పెన్నులు, నీలం ఒకటి, ఎరుపు ఒకటి. కంప్యూటరొచ్చి ఎన్నేళ్లయినా ఎర్రపెన్ను దిగలేదు. రిజిస్టర్లలో స్కేలు పెట్టి గీతలు కొట్టిన చెయ్యి మరి. ఒక రైతుకి నాలుగు సర్వే నంబర్లుంటే పేరు ఒక్కసారే రాసి, పక్కన మెలితిప్పిన మీసంలాంటి బ్రాకెట్టు గీసి నాలుగు వరసల్నీ అందులోకి లాగేవారట. ఎక్సెల్ వచ్చాక ఆ మీసమే మెర్జయింది. ఆల్ట్ నొక్కి హెచ్, ఎమ్, సీ. ఆయనకి తెలిసిన షార్ట్‌కట్టు అదొక్కటే. లోకంలో పంచాక్షరి, అష్టాక్షరి ఉంటే ఈయనది త్ర్యక్షరి.

"ఒకే పేరు నాలుగుసార్లు రాస్తామేంటి అబ్బాయ్? చదివేవాడికి బుర్రుండదా?" అంటారు.

ఉంటుంది. అందులో తప్పేం లేదు. ఆయన షీటు ప్రింటు తీసి గోడకి అంటిస్తే పెళ్లిపందిరిలా ఉంటుంది. పై అధికారులకి ఆయనంటే ప్రేమ కూడా అందుకే. చిక్కల్లా బుర్ర లేనివాడు చదివేటప్పుడే. ఆ బుర్ర లేనివాణ్ణి నేను తయారుచేశాను. మాక్రో అంటారు.

ధాన్యం సీజన్లో ఊరివారీగా, రైతువారీగా బస్తాల లెక్క తేల్చిపెట్టమన్నారు. మా వైపు బస్తా అంటే 75 కిలోలు. పన్నెండు వందల వరసలు. చేత్తో అయితే వారం, మాక్రోతో అయితే టీ తాగొచ్చేలోపు అని కోతలు కోశాను. టీ తాగొచ్చేసరికి అయిపోయింది కూడా. అధికారిగారు కాగితం అందుకుని పైనుంచి కిందకి చూశారు, మళ్లీ పైకి చూశారు.

"ఏవయ్యా, మండలంలో అందరికంటే ఎక్కువ ధాన్యం పండించిన ఈ బ్లాంక్ ఎవరు?"

నాకు నోట మాట రాలేదు. మెర్జుగారు కళ్లజోడు సవరించుకుని వంగి చూసి, "ఇంటిపేరు రాయలేదండి, అందుకే తెలీట్లేదు" అన్నారు.

జరిగిందేమిటంటే, నాలుగు గడుల్ని మెర్జ్ చేస్తే కంటికి ఒక్క పెద్ద గడి కనిపిస్తుంది. కానీ ఎక్సెల్ దృష్టిలో నాలుగూ అలాగే ఉంటాయి. పేరు ఎడమవైపు పైమూల గడిలోనే ఉంటుంది, మిగతా మూడూ ఖాళీ. కొల్లేరు వైపు చూశారుగా, నాలుగు చేలు కలిపి చేపలచెరువు తవ్వేస్తారు. గట్టుమీద నిలబడితే ఒకటే నీళ్లు. సర్వేయరు పటంలో మాత్రం నాలుగు నంబర్లూ పోవు. నా మాక్రో సర్వేయరులాగా వరస తర్వాత వరస కొలుచుకుంటూ వెళ్లింది. పేరున్న వరసని ఆ రైతుకి రాసి, పేరు లేని మూడింటినీ తీసుకెళ్లి బ్లాంక్‌గారి ఖాతాలో వేసింది. ఊరికి పది ఇరవై ఎకరాల చొప్పున కూడబెట్టుకుని బ్లాంక్‌గారు పెద్దరైతు అయిపోయాడు.

దానికి మందు లేకపోలేదు. మాక్రోలు రాసే వీబీఏలో మెర్జ్ ఏరియా అని ఒకటుంది. ఖాళీగడి దగ్గర ఆగి "నువ్వు ఎవరి తాలూకు?" అని అడిగితే తన పెద్దగడిని చూపిస్తుంది, పేరు అక్కణ్ణుంచి తెచ్చుకోవచ్చు. అయితే మొత్తం కాలమ్‌ని పట్టుకుని "ఇక్కడ మెర్జులున్నాయా?" అన్నామా, కొన్నిచోట్ల ఉండి కొన్నిచోట్ల లేకపోతే అవునూ అనదు, కాదూ అనదు. నల్ అంటుంది. పెళ్లి సంబంధం కదిపితే పెద్దమనిషి "చూద్దాం లెండి" అంటాడే, అలాగ. అది తెలీక నేను రెండు రాత్రులు జాగారం చేశాను.

సార్టింగు సంగతి ఇంకోటి. పేర్లు అక్షరక్రమంలో పెట్టబోతే, మెర్జ్ అయిన గడులన్నీ ఒకే సైజులో ఉండాలంది ఎక్సెల్. "తాడేపల్లిగూడెంలో 2015లోనే నిట్ పెట్టారు, ఇన్నేళ్లయినా ఈపాటి సార్టింగు చెయ్యలేరా మీ కుర్రాళ్లు?" అని మెర్జుగారు నన్ను పక్కకి జరిపి కుర్చీలో కూర్చున్నారు. ఒకే సైజు అంది కదా! అందరికంటే పెద్దరైతుకి ఏడు వరసలున్నాయి కాబట్టి ప్రతివాడికీ ఏడు వరసలిచ్చేశారు. అరెకరం కౌలురైతుకీ ఏడే. భూసంస్కరణల చట్టాలు చెయ్యలేని పని మెర్జుగారు మధ్యాహ్నం భోజనాల వేళకి చేసేశారు. ప్రింటు మాత్రం నూట డెబ్బై పేజీలొచ్చింది.

జిల్లాలు విడదీసినప్పుడు చూడాలి ఆయన అవస్థ! షీటు ఎడమ అంచున పైనుంచి కిందదాకా ఒకే గడి, అందులో పశ్చిమగోదావరి అని నిలువుగా, ధ్వజస్తంభంలా ఉండేది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు విడిగా జిల్లా అయింది. మాకు భీమవరం కేంద్రమైంది. కృష్ణాజిల్లా కైకలూరేమో ఏలూరులోకి వచ్చింది. ధ్వజస్తంభాన్ని ముక్కలు చెయ్యక తప్పలేదు. అన్‌మెర్జ్ కొట్టారు. కొడితే ఏముంది, పేరు మొదటి వరసలో ఉండిపోయి కింద మండలాలన్నీ అనాథలయ్యాయి. ఆయన నాలుగుసార్లు మెర్జ్ చేసి, అయిదుసార్లు విప్పి, చివరికి ఎర్రపెన్ను తీశారు.

నేను ఆయన్ని మార్చాలని చూడకపోలేదు. మెర్జ్ చెయ్యకుండానే మధ్యలో ఉన్నట్టు చూపించే ఉపాయముంది, సెంటర్ ఎక్రాస్ సెలక్షన్ అంటారు, గడుల జోలికి వెళ్లదు అని చూపించాను. ఆసక్తిగానే చూశారు.

"నిలువుగా కూడా చేస్తుందా?"

"చెయ్యదండి. అడ్డంగా మాత్రమే."

"ఆయ్" అన్నారు. గోదావరి జిల్లా ఆయ్‌కి ఎన్ని అర్థాలున్నాయో మీకు తెలుసు.

పోనీ అని మాక్రో రికార్డు చెయ్యడం నేర్పాను. శ్రద్ధగా నేర్చుకున్నారు. మర్నాడు పొద్దున్నే సొంతంగా ఒకటి రికార్డు చేసి, షీటు మీద గులాబీరంగు బటన్ పెట్టారు. నొక్కితే మెర్జ్ అవుతుంది. మాక్రో చేసిన పనికి కంట్రోల్ జెడ్ పనిచెయ్యదని నేను చెప్పడం, ఆయన నొక్కడం ఒకేసారి జరిగాయి.

ఈ మాఘంలో వాళ్లమ్మాయి పెళ్లి. శుభలేఖల జాబితా కూడా ఎక్సెల్లోనే, చాలా ముచ్చటగా చేశారు. ఊరికొక రంగు. మా ఆఫీసుకి వెళ్లే నలుగురం ఒకేచోట కదా అని నాలుగు పేర్లూ కలిపి మెర్జ్ కొట్టారు. పైమూల ఉన్నదొక్కటే ఉంచి మిగతావి తీసేస్తానని ఎక్సెల్ అడిగే ఉంటుంది, ఆయన ఓకే అనే ఉంటారు. కార్డు మొదటి పేరాయనకి వచ్చింది. మిగతా ముగ్గురం ఆ ఒక్క కార్డూ పట్టుకుని, ఆయన వెనకాలే వరసగా వెళ్లి అక్షింతలేసి వచ్చాం.