36 తర్వాత

నంద్యాల–ఎర్రగుంట్ల లైను మీద రైలు నడవడం మొదలైన 2016 నాటి ముచ్చట. ప్రొద్దుటూరులో పేరున్న ఒక పెద్ద వకీలు ఇంటికి ఎర్రగుంట్ల దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీ డిస్పాచ్ మేనేజరు వచ్చినాడు. చంకలో లావుపాటి ఫైలు.

“రైల్వే మీద కేసు వేయాల సార్. లారీ బాడుగ ఎక్కువంటే ఇంకో లారీ మాట్లాడుకుంటాం. గూడ్సు రేకు బాడుగ ఎక్కువైతే ఇంకో రైల్వే యాడుంది? పట్టాలు వాళ్లవే, రేటు వేసేదీ వాళ్లే. ప్యాసింజర్ టికెట్ల మీద వచ్చే నష్టాన్ని సరుకు బాడుగలో రాబట్టుకుంటారు. చివరికి ఆ బరువు రెండు గదుల ఇల్లు కట్టుకునే పేదోడి మీద పడుతుంది. అమెరికాలో రైలు కంపెనీల రేట్ల మీద కన్నేసి ఉంచడానికి 1887లోనే కమిషన్ పెట్టినారు. మన గోడు వినేదెవరు?”

“మనకూ ఉంది నాయనా. చెన్నైలో రైల్వే రేట్ల ట్రిబ్యునల్.”

వకీలు 1989 రైల్వే చట్టం తీసి 36వ సెక్షన్ చదివినాడు. రెండు స్టేషన్ల మధ్య ఏ సరుకుకైనా రైల్వే అసమంజసమైన రేటు వసూలు చేస్తే ట్రిబ్యునల్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

మేనేజరు మొహం వెలిగింది. ఫైలు విప్పినాడు.

“నావి రెండే ఫిర్యాదులు సార్. ఒకటి తరగతి. ప్రతి సరుకునూ ఒక తరగతిలో పెడతారు. అదే దూరానికి 100వ తరగతికి రూపాయి పడితే, 150వ తరగతికి రూపాయిన్నర. మమ్మల్ని పై తరగతిలో పెట్టినారు. రెండోది డెమరేజి. అర్ధరాత్రి రేకు తెచ్చి నిలబెడతారు. హమాలీలు వచ్చి లోడింగు మొదలుపెట్టేసరికే సగం గడువు అయిపోతుంది. గడువు దాటితే వ్యాగనుకింత, గంటకింత అని కట్టించుకుంటారు.”

వకీలు పేజీ తిప్పినాడు. 37వ సెక్షన్. ట్రిబ్యునల్ ముట్టకూడని విషయాల జాబితా అది. మొదటిది, సరుకుల తరగతి నిర్ణయం. రెండోది, వార్ఫేజి (గడువు దాటి స్టేషన్లో సరుకు ఉంచితే పడే రుసుము), డెమరేజి.

మేనేజరు ఆ రెండు లైన్లూ తానే మళ్లీ చదువుకున్నాడు.

“మరి ఆ 36 దేనికి సార్?”

“కేసు వేయొచ్చు నాయనా. ముందు మీ తరగతి సరైనదేనని ఒప్పుకోవాల. ఆ తర్వాత, దానివల్ల వచ్చిన రేటు అన్యాయమని నిరూపించాల.”