స్వేచ్ఛకు టోచన్

అయిపోయింది. మన తెలుగువాళ్ళ చేతికి మోటార్‌హోమ్ కూడా వచ్చేసింది. క్రికెట్ లీగు, పెరట్లో మునగచెట్టు, గరాజ్‌లో టెస్లా అన్నీ అయ్యాక ఇంక మిగిలింది అదే కదా. ఈ వేసవిలో ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఒకటే వీడియో. ముందు నలభై అడుగుల ఇల్లు, దాని వెనక ఇనప కడ్డీకి తగిలించిన జీప్ రాంగ్లర్, పక్కన చలువ కళ్ళద్దాలతో మన బావగారు. పైనుంచి డ్రోను, ఆ డ్రోనుకి తగ్గ సంగీతం. కింద ఒక ముక్క: "అన్నీ వదిలేసి రోడ్డెక్కాం. సింపుల్ లైఫ్."

అన్నీ వదిలేశారట. కారు మాత్రం వదల్లేదు.

ఆ వీడియో ఎవరో పంపితే నల్లగొండ నుంచి మా పెద్దనాయన ఫోన్ చేశాడు. "బండి యాడ ఖరాబైందిరా?" అని ఆయన మొదటి ప్రశ్న. ఆయన తప్పేం లేదు. మన దగ్గర ఒక బండి ఇంకో బండిని టోచన్ కట్టి లాగుతోందంటే వెనకది మొరాయించిందనే లెక్క. 1989 నాటి మన రోడ్డు నియమాలు కూడా అదే చెప్పాయి. ట్రైలర్లు, చెడిపోయిన బండ్లు తప్ప ఇంకో మోటారు బండిని లాగకూడదు. లాగినా గంటకి 24 కిలోమీటర్లు దాటకూడదు.

అమెరికాలో లాగుతున్న జీపుకి రోగం లేదు, నొప్పి లేదు. తాళం తిప్పితే చాలు, తన దారిన తను పోతుంది. అలాంటి దాని ముక్కుకి కడ్డీ బిగించి, లోపల మనిషి లేకుండా, నాలుగు చక్రాలూ తారు మీదే దొర్లుతుండగా రాష్ట్రాలకి రాష్ట్రాలు దాటిస్తున్నారు. ఎందుకు స్వామీ అంటే, వెళ్ళిన చోట తిరగడానికి కారుండాలి కదా అంటారు. మరి ఇంటికి చక్రాలున్నాయనే కదా రెండు లక్షల డాలర్లు పోసి కొన్నది? ఆ చక్రాల మీద పాల ప్యాకెట్టుకి కూడా వెళ్ళలేకపోతే వాటికి గాలి కొట్టించడం దేనికి?

నేషనల్ పార్కులు చూస్తామంటారు. గ్లేసియర్ పార్కులో గోయింగ్ టు ది సన్ రోడ్డు ఉంది. ఆ పార్కుకి వెళ్ళేదే దాని కోసం. కొండ మీది భాగంలోకి 21 అడుగులు దాటిన బండిని రానివ్వరు. జయాన్‌లో 1930లో తెరిచిన మైలు పైచిలుకు సొరంగం ఉంది. పెద్ద బండి దూరాలంటే ఎదురొచ్చే వాళ్ళందర్నీ ఆపేసి మధ్యలోంచి పంపేవారు. 2026 నుంచి అదీ ఉండదు, చుట్టు తిరిగి పొండి అని పార్కు వాళ్ళు 2024లోనే చెప్పేశారు. అది ఇప్పుడు చదివి మన బావగార్లు గుండెలు బాదుకుంటున్నారు, స్వేచ్ఛ పోయిందని. ఆ సొరంగం ఇరుకని దాన్ని తొలిచిన వాళ్ళకి తొంభై ఏళ్ళ కిందటే తెలుసు. మీ ఇల్లు వెడల్పని మీకు ఇవాళ తెలిసింది.

ఈ లెక్కన చూడాల్సిన చోటికి ఇల్లు వెళ్ళదు, కారే వెళుతుంది. ఇల్లు ఎక్కడో ఊరి బయట చెత్త డబ్బాల పక్కన కరెంటు తీగ తగిలించుకుని ఉంటుంది. ఆ పెద్ద ఇల్లు గ్యాలనుకి ఏడెనిమిది మైళ్ళిస్తే గొప్ప. రెండు వేల మైళ్ళ యాత్రకి 250 గ్యాలన్లు. అదే దూరం మామూలు కారుకి డెబ్బై కూడా అక్కర్లేదు. మిగిలిన డబ్బుతో రోజూ హోటల్ గదిలో పడుకోవచ్చు, దుప్పట్లు వాళ్ళే మారుస్తారు. మన సినిమా హీరోల పద్ధతే నయం. కేరవాన్ ఒక డ్రైవరు తెస్తాడు, కారు ఇంకో డ్రైవరు తెస్తాడు, రెంటికీ బిల్లు నిర్మాత కడతాడు.

ఇవన్నీ పోనీ అనుకుంటాను. నాకు ఒళ్ళు మండేది వెనక్కి రావడం దగ్గర. అంటే, రాలేకపోవడం దగ్గర.

తెలియని వాళ్ళుంటారేమో కాబట్టి చెబుతున్నాను. నాలుగు చక్రాల మీద కారుని ఇలా కట్టాక రివర్సు ఉండదు. వెనక్కి నెట్టగానే జీపు ముందు చక్రాలు వాటికి తోచిన వైపు అడ్డంగా తిరిగిపోతాయి. ఇంకాస్త నెడితే కడ్డీ వంగుతుంది, లేదా జీపు ముక్కు ఊడుతుంది. కడ్డీ అమ్మినవాడే పుస్తకంలో రాసిచ్చాడు, వెనక్కి నడపకు నాయనా అని. ఇల్లు, కడ్డీ, జీపు కలిపితే యాభై ఎనిమిది అడుగులు. మన ఆర్టీసీ బస్సులు ఒకటిన్నర అనుకోండి. అంత పొడుగు బండి మూరెడు కూడా వెనక్కి రాదు. ముందుకే. ఎల్లప్పుడూ ముందుకే. జీవితంలో వెనుదిరిగి చూడకూడదని వీడియో చివర్లో బావగారు అంటారు చూడండి, అది వేదాంతం అనుకునేరు.

మొన్న కాలిఫోర్నియాలో 395 హైవే మీద లోన్ పైన్‌లో పెట్రోలు కోసం ఆగాను. నా ముందు ఇలాంటిదే ఒకటి లోపలికి దూరింది. దూరాక నడిపే ఆయనకి అర్థమైంది, అవతలి వైపు దారి లేదని. ముందు గోడ. పక్కన ఐసు డబ్బాలు. వెనక జీపు. జీపు వెనక నేను. నా వెనక ఇంకో నాలుగు కార్లు. ఆయన దిగాడు. గోడ చూశాడు. జీపు చూశాడు. నన్ను చూశాడు, గోడ కట్టింది నేనే అన్నట్టు.

తరవాత ఆయన భార్య దిగింది. "విప్పేద్దామండీ" అంది. స్వచ్ఛమైన తెలుగు. పరాయి ఎడారిలో మాతృభాష వినపడితే పొంగిపోవాలంటారు. నేను సీట్లో కిందికి జారి ఫోను చూసుకోవడం మొదలుపెట్టాను.

విప్పడం అంటే ఏదో కొక్కెం తీసేయడం కాదు. కరెంటు తీగ పీకాలి. ఇనప తాళ్ళు రెండు, అటొకటి ఇటొకటి ఊడదీయాలి. కడ్డీ తెగితే బ్రేకు వేసే తీగ ఒకటి, అదీ తీయాలి. అప్పుడు రెండు పిన్నులు లాగాలి. బండి తిన్నగా నిలబడితేనే అవి వస్తాయి. ఆయనది వంకరగా నిలబడింది, గోడని తప్పించబోయి. కడ్డీ బిగుసుకుపోయింది. పిన్ను రాదు. ఆయన లాగాడు, తన్నాడు, లోపల్నించి సుత్తి తెచ్చాడు. నేల టైల్సు, సోఫా, పొయ్యి, టీవీ ఉన్న ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే వస్తువు సుత్తి అని ఆవేళ తెలిసింది. బిగుసుకోని కడ్డీలు కూడా అమ్ముతారు, కాకపోతే వాటికి రేటు వేరు. మొత్తం కడ్డీ, జీపు ముక్కుకి బిగించే పలక, దీపాల తీగలు, బ్రేకు, కూలీ కలిపి ఎలా చూసినా మూడు నాలుగు వేల డాలర్లు. సింపుల్ లైఫ్.

చివరికి పిన్ను ఊడింది. జీపు ఆవిడ నడిపింది. ఇక ఇల్లు వెనక్కి రావాలి. ఆవిడ దిగి చెయ్యి ఊపుతూ, "రానీండి, రానీండి, లెఫ్ట్ కొట్టండి!"

"నా లెఫ్టా, నీ లెఫ్టా?"

"మీ లెఫ్టే!"

"నేను వెనక్కి వస్తున్నానే, అప్పుడు నా లెఫ్ట్ ఏదవుతుంది?"

మేమందరం, అంటే అయిదు కార్ల వాళ్ళం, ఆ ప్రశ్నకి జవాబు కోసం ఎండలో ఎదురుచూశాం. తరవాత మళ్ళీ కట్టారు, హైవే పక్కన. జీపులో ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో ఉండాలి, గేరు పార్కులో ఉండాలి. తారుమారైతే ట్రాన్స్‌మిషన్ నుగ్గు నుగ్గు. హ్యాండ్‌బ్రేకు తీయడం మర్చిపోతే టైర్లు అరిగి, కాలి, అంచులు మిగులుతాయి. ముందున్న పెద్ద ఇంజనుకి ఆ బరువు ఆనదు కూడా, కెమెరాలో పొగ కనిపించేదాకా ఆయన స్వేచ్ఛగా పోతూనే ఉంటాడు.

ఇక్కడితో నవ్వడం ఆపేస్తాను.

ఇదే 395 మీద సరుకు లారీ నడిపేవాడు 26,000 పౌన్లు దాటిన బండికి వేరే లైసెన్సు తీసుకోవాలి. రాత పరీక్ష, రోడ్డు పరీక్ష, డాక్టరు కాయితం. పదకొండు గంటలు నడిపితే పది గంటలు ఆపాలి. ఎన్ని గంటలు నడిపాడో ఒక యంత్రం రాసుకుంటూ ఉంటుంది. 2025 జూన్ నుంచి ఇంగ్లీషు సరిగా రాకపోతే రోడ్డు పక్కనే బండి దింపేస్తున్నారు. పరీక్షలు పెట్టడం తప్పనను. అంత బరువు చేతిలో పెడుతున్నప్పుడు అడగాల్సిందే. మరి అంతే పొడుగు, అంతే ఎత్తు, పైగా వెనక్కి రాని తోక తగిలించుకున్న ఈ బావగారిని ఏం అడిగారు? ఏమీ అడగలేదు. సొంత విహారానికి కాబట్టి కేంద్రం నియమం ఆయనకి వర్తించదు. చాలా రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్సే చాలు. నిన్నటి దాకా కామ్రీ నడిపిన చెయ్యి, ఇవాళ నలభై అడుగుల ఇంటిని, దాని వెనక నాలుగు వేల పౌన్ల జీపుని పట్టుకుని సియెర్రా కొండ దిగుతోంది. బతకడానికి నడిపేవాడికి పరీక్ష, సరదాకి నడిపేవాడికి మినహాయింపు. ఈ నియమం రాసినవాళ్ళకి ఎదురుగా కారులో పిల్లల్ని వేసుకుని వచ్చేవాడు గుర్తుకు రాలేదా?

ఇంకో సంగతి. మౌంటెన్ వ్యూ మన వాళ్ళకి కొత్త కాదు, చాలామంది ఉద్యోగాలు ఆ చుట్టుపక్కలే. అక్కడ అద్దె కట్టలేక పాత మోటార్‌హోములు వీధి పక్కన నిలుపుకుని వంటవాళ్ళు, తోటపని వాళ్ళు, కట్టడం పనివాళ్ళు కాపురాలు చేస్తున్నారు. 2020 నవంబరులో ఊరంతా ఓటేసి, ఇరుకు వీధుల్లో పెద్ద బండ్లు నిలపకూడదని తీర్మానించింది. 2025లో శాన్ ఫ్రాన్సిస్కో కూడా రెండు గంటల గడువు పెట్టింది. ఆ వీధుల మీద ఫిర్యాదు చేసిన గ్రూపుల్లో మన వాళ్ళ సందేశాలు నేను చదివాను. "చూడటానికి బాగోదు, ఇళ్ళ రేట్లు పడతాయి." అదే వేలితో, అదే వారం, బావగారి వీడియోకి ఎర్ర గుండె గుర్తు. ఒకే కంపెనీ చేసిన ఒకే డబ్బా. అందులో ఉండక తప్పని వాడిది రోత, ఉండనక్కర్లేని వాడిది సాహసం. వెనక జీపుంటే జీవన విధానం, లేకపోతే పోలీసు చీటీ.

ఈ మోటార్‌హోముల పేర్ల గురించి రాయబోయి మానేశాను. అడ్వెంచరర్ అని ఒకటి, డిస్కవరీ అని ఒకటి. డిస్కవరీ వాల్‌మార్ట్ పార్కింగులో పడుకుంటుంది.

ముసలివాళ్ళకి, ఆరోగ్యం బాగోలేని వాళ్ళకి ఇది మంచి సౌకర్యం అని ఎవరో ఉత్తరం రాస్తారు, రాయండి. వాళ్ళ వీడియోలు నాకు రావడం లేదు.

ఈ వేసవికి అమెరికా బయల్దేరుతున్న అమ్మానాన్నలకి మాత్రం ఒక మాట. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చిన మర్నాడే అబ్బాయి ఆ ఇంటి తలుపు తీసి "ఎక్కండి నాన్నా" అంటాడు. ఎక్కే ముందు అడగండి, వెనక జీపుకి విడిగా బ్రేకు పెట్టించావా, కడ్డీ తెగితే అది తనంతట తను ఆగుతుందా అని. చట్టం రాష్ట్రానికో రకం ఉంది, అందుకని చాలామంది పెట్టించుకోరు. అబ్బాయి నీళ్ళు నమిలితే మొహమాటపడకండి. జీపు విప్పించి అందులోనే వెళదాం అనండి. దానికి రివర్సు కూడా ఉంది.