ఒక్క నిమిషం కూడా వృథా కాదట!

ఫిబ్రవరి వచ్చిందంటే కార్పొరేట్ విద్యాసంస్థల పీఆర్వోలు గడప గడపకూ తిరుగుతారు. ఎనిమిదో తరగతి పరీక్షలింకా రాయనే లేదు, పిల్లవాడికి తొమ్మిదిలో ఐఐటీ ఫౌండేషన్ సీటు రిజర్వై కూర్చుంటుంది. వచ్చినాయన మంచినీళ్లు తాగి, బ్రోచర్ విప్పి, ఒక్క మాటతో ఇంటిల్లిపాదినీ పడగొడతాడు: “మా క్యాంపస్‌లో మీ బాబు టైం ఒక్క నిమిషం కూడా వేస్ట్ కాదండీ.” సెల్లుండదు, టీవీ ఉండదు, బయట తిండి ఉండదు, వీధిలో బలాదూరు తిరుగుళ్లుండవు. అక్కడ ఏముంటాయో చెప్పే జాబితాకన్నా ఏముండవో చెప్పే జాబితానే పొడుగు. తండ్రి కళ్లు చెమరుస్తాయి. తల్లి అడ్వాన్సు తెచ్చి చేతిలో పెడుతుంది.

ఇంతకీ ఆ వృథా కాని నిమిషాలు ఎలా గడుస్తాయి? కాస్త అటూ ఇటూగా ఇలా. తెల్లవారుజామున 5కు వార్డెన్ ఈల. 5.30 నుంచి 7.30 దాకా స్టడీ అవర్. స్నానం, టిఫిను, బకెట్ కోసం క్యూ, అన్నీ కలిపి ఓ గంట. 8.30 నుంచి మధ్యాహ్నం 12.30 దాకా క్లాసులు. ముప్పావుగంటలో భోజనం. 1.15 నుంచి 5 దాకా మళ్లీ క్లాసులు. ఆ తర్వాత అరగంట ‘రిఫ్రెష్‌మెంట్’, అంటే రెండు బిస్కెట్లు. 5.30 నుంచి 8 దాకా స్టడీ అవర్. భోజనమయ్యాక 8.45 నుంచి 10.15 దాకా ఇంకో స్టడీ అవర్. 10.30కి లైట్లు ఆపుతారు. ఆదివారం సెలవు కాదు, వీకెండ్ టెస్టు. ఈ అమరికకు ‘మైక్రో షెడ్యూల్’ అని ముద్దుపేరు.

కూడితే చదువు రోజుకు పావు తక్కువ పద్నాలుగు గంటలు. నిద్ర ఆరున్నర. ఆట సున్నా. నిమిషం వృథా కాదన్న మాట నిజమే.

కానీ ఈ పిల్లల శరీరాలకు ర్యాంకుల మీద ధ్యాస తక్కువ. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రవైద్య నిపుణుల అకాడమీ 2016లోనే తేల్చింది. కనీసమనుకున్న ఎనిమిది గంటలకే లెక్క కట్టినా మనవాడికి రోజుకు గంటన్నర బాకీ, వారానికి పదిన్నర గంటలు. అంటే వారానికి ఒక రాత్రి నిద్ర మొత్తం సంస్థ ఖాతాలోకి జమ. పైగా ఆ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుంది, అందుకే రాత్రి త్వరగా నిద్రపట్టదు, పొద్దున త్వరగా మెలకువ రాదు. ఇది ఎరిగే కాలిఫోర్నియాలో హైస్కూళ్లు ఉదయం 8.30కి ముందు తెరవరాదని చట్టం చేసి 2022 నుంచి అమలు చేస్తున్నారు. మన వార్డెన్‌కు మెలటోనిన్‌తో పనిలేదు, ఈల చాలు.

చదివింది మెదడులో నిలబడాలంటే నిద్ర కావాలి. ఆ నిద్రను కోసేసి ఇంకో స్టడీ అవర్ పెట్టడమంటే చిల్లికుండలో ఇంకో బిందె పోయడం. బిందెకు ఫీజు మాత్రం విడిగా వసూలవుతుంది.

ఇక ఆట. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు సగటున రోజుకు కనీసం గంటసేపు ఒళ్లు వంచి ఆడాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మన క్యాంపస్‌లో గ్రౌండు లేదనుకునేరు, ఉంది, బ్రోచర్ మూడో పేజీలో పచ్చగా. అసలు భవనమేమో నిన్నటిదాకా ఫంక్షన్ హాలు. ఏసీ ఉందని మురిసిపోతాం గానీ, కిటికీలు తెరుచుకోవని గమనించం. ఆరుబయట తిరగకపోతే నష్టం కళ్లకు కూడా. చైనాలోని గ్వాంగ్జౌలో ఒకటో తరగతి పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట తిప్పి చూశారు. మూడేళ్లలో అలా తిప్పిన బడుల్లో 30 శాతం మందికి, తిప్పని బడుల్లో 40 శాతం మందికి హ్రస్వదృష్టి వచ్చిందని 2015లో ప్రచురించారు. మన దగ్గర అలాంటి ప్రయోగమేదీ అక్కర్లేదు. మందమైన కళ్లద్దాలే తెలివికి గుర్తు, ఫ్లెక్సీలో ఫొటో కూడా బాగా వస్తుంది.

“మేం కిరోసిన్ దీపాల కింద చదువుకోలేదా?” అని పెద్దలు గద్దిస్తారు. చదువుకున్నారు. పొద్దుగూకేదాకా బిళ్లంగోడు ఆడి, కాలవలో ఈదొచ్చి, దీపంలో కిరోసిన్ అయిపోగానే ముసుగుతన్ని పడుకున్నారు కూడా. ఆ సగం ఎవరూ చెప్పరు.

నియమాలు లేవా అంటే, పుష్కలం. పదహారేళ్లు నిండని వాళ్లను కోచింగ్‌లో చేర్చుకోవద్దని, రోజుకు 5 గంటలు దాటించవద్దని, వారానికొక సెలవివ్వాలని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. సంస్థలు చిరునవ్వు నవ్వి, “మాది కోచింగ్ కాదండీ, స్కూలే, ఇంటిగ్రేటెడ్” అన్నాయి. బోర్డు మారింది, ఈల మారలేదు.

అందుకే నాదొక సవినయ మనవి. ఈ క్యాంపస్‌లను బడులుగా కాదు, ఫ్యాక్టరీలుగా రిజిస్టర్ చేయండి. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పద్నాలుగేళ్లు నిండి పదిహేను నిండని పిల్లల చేత రోజుకు నాలుగున్నర గంటలకు మించి పని చేయించకూడదంది, రాత్రిపూట అసలే వద్దంది. పెద్దవాళ్లకైనా రోజుకు తొమ్మిది గంటలే హద్దంది, వారానికో సెలవు తప్పనిసరంది. మన తొమ్మిదో తరగతి పిల్లవాడు చేస్తున్నది కూలిపనైతే చట్టం వాణ్ణి కాపాడేది. వాడి దురదృష్టం, చేస్తున్నది చదువు. కూలికి డబ్బులిస్తారు, వీడు డబ్బులు కట్టి మరీ చేస్తున్నాడు.

తల్లిదండ్రులారా, ఈసారి పీఆర్వో గారు వస్తే ర్యాంకుల సంగతి తర్వాత, ముందు రెండే అడగండి. మావాడు రాత్రి ఎన్ని గంటలు పడుకుంటాడు? బ్రోచర్‌లో ఉన్న ఆ గ్రౌండు ఎక్కడుంది, ఇప్పుడే తీసుకెళ్లి చూపిస్తారా? ఆయన నీళ్లు నమిలితే మరో గ్లాసు మంచినీళ్లిచ్చి పంపించండి. అడ్వాన్సు మాత్రం బీరువాలోనే ఉంచండి.