అందరూ స్టోరీటెల్లర్లే!

మా మనవడు సబ్బుల కంపెనీలో చేరాడు. ఏం ఉద్యోగంరా అంటే "స్టోరీటెల్లర్‌ని తాతయ్యా" అన్నాడు. ఏ కథలు చెబుతావురా అంటే, కథలు కాదట, ప్రకటనలు రాస్తాడట! సినిమా తీసేవాడూ స్టోరీటెల్లరే, ఫోన్లో వంకాయకూర వండి చూపించే అమ్మాయీ స్టోరీటెల్లరే. అందరూ చెప్పేవాళ్లయితే ఇక వినేదెవరయ్యా?

మా రోజుల్లో పేరు చెబితే చాలు, మనిషెవరో, చేతిలో ఏముందో, చెప్పే కథేమిటో తెలిసిపోయేది. ఒగ్గు అంటే శివుడి డమరుకం. అది వాయిస్తూ మల్లన్న కథ, బీరప్ప కథ చెబుతారు గనక ఒగ్గు కథ. జంగాలు చెప్పేది జంగం కథ. తంబురా బుర్ర భుజానికెత్తుకుని చెబితే బుర్రకథ. హరికథ చెప్పేవాడు హరిదాసు. ఇప్పటి పిల్లలకు హరిదాసంటే సంక్రాంతికి అక్షయపాత్ర నెత్తిన పెట్టుకొచ్చే ఆయనొక్కడే. కాళ్లకు గజ్జెలు కట్టి, చిడతలు పట్టి, రాముడూ తానే రావణుడూ తానే అయి రాత్రంతా పందిట్లో కథ నడిపించే ఆయన్నీ హరిదాసే అంటారంటే నోరెళ్లబెడతారు.

బుర్రకథలో కథకుడు మధ్యన నిలబడి, వేలికి తొడిగిన అందెలు తంబురాకు తాటిస్తూ అడుగు వేసేవాడు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఇప్పుడు వంత పాడటమంటే పెద్దాయన ఏమన్నా తల ఊపడం! ఆ వంతలు అలాంటివాళ్లు కారు. హాస్యం చెప్పేవాడు కథకుణ్ణే ఆటపట్టించేవాడు. రాజకీయం చెప్పేవాడు పురాణం మధ్యలో కరువునూ పన్నులనూ లాక్కొచ్చి ఏలేవాళ్లకు చురకలంటించేవాడు. వామపక్ష కళాకారుల ప్రజానాట్యమండలి వాళ్లు పల్లెపల్లెకూ బుర్రకథతో వెళ్లింది ఊరికే కాదు.

ఇక బిరుదులంటారా, ఎవరికి వారు పెట్టుకునేవి కావవి. ఆదిభట్ల నారాయణదాసుగారు హరికథా పితామహులు. విజయనగరం సంగీత కళాశాలకు 1919లో తొలి ప్రిన్సిపాల్. సంగీతం, సంస్కృతం, అవధానం, అన్నీ ఆయన దగ్గర ఉండేవి. పొన్నెకల్లులో పేదింట పుట్టిన షేక్ నాజర్ గారిని జనం బుర్రకథ పితామహుడన్నారు. ప్రభుత్వం 1986లో పద్మశ్రీ ఇచ్చింది.

కాబట్టి నాయనలారా, పేరు తర్వాత పెట్టుకోవచ్చు. ముందు మైకు లేకుండా ఊరి జనాన్ని ఒక్క రాత్రి తెల్లారేదాకా కూర్చోబెట్టి చూపించండి.