జూను పది పద్యము: టీకా, తాత్పర్యము

జూను పదిన పొద్దు సొగసుగా కేకును
కత్తి దూసి కోసి కమ్మగాను
కోడి సంగటి తిని గొంతెత్తి జై కొట్టి
బాబు పేరు జెప్పి బాటిలెత్తు

ఇది ఆటవెలది. కవి ఎవరో తెలియదు. ఫ్లెక్సీ అడుగున వరసగా అచ్చైన పాస్‌పోర్టు ఫొటోల్లో ఒకరై ఉండాలి.

ప్రతిపదార్థము. జూను పదిన = నందమూరి బాలకృష్ణ జన్మదినమున (1960, మద్రాసు); పొద్దు = ఉదయమున, అనగా అర్ధరాత్రి పన్నెండు దాటిన మరుక్షణమున; సొగసుగా = డీజే పెట్టి, వీధివారిని నిద్ర లేపి; కేకును = హీరో ముఖము ముద్రించిన క్రీము ముద్దను; కత్తి దూసి = చాకు చేతికందునంత దూరములోనే ఉండగా దానిని విడిచి; కోసి = ముక్కలు చేసి, మీసమున్న ముక్క ఎవరిదని తగవులాడి; కమ్మగాను = చందా ఇయ్యనివారికి మరింత కమ్మగాను; కోడి సంగటి = నాటుకోడి పులుసుతో రాగి సంగటి; తిని = కొసరి కొసరి వడ్డించుకొని; గొంతెత్తి జై కొట్టి = ‘జై బాలయ్య’ అని మూడు వీధులకు వినబడునట్లు అరచి; బాబు పేరు జెప్పి = సొంత డబ్బుతోనే; బాటిలెత్తు = దీనికి అర్థము చెప్ప పనిలేదు.

‘బాబు’ అంటే ఇక్కడ బాలయ్య బాబే. చంద్రబాబు అని అర్థం చెప్పిన వ్యాఖ్యాతలు లేకపోలేదు. ఆయన బాలయ్యకు బావ, ఆపైన వియ్యంకుడు. 2024 అక్టోబరులో తొంభై తొమ్మిది రూపాయల క్వార్టరు తెచ్చింది కూడా ఆయన ప్రభుత్వమే గనుక నాలుగో పాదంలో ఆయనకూ వాటా ఉందని వారి వాదం. పూర్తిగా కొట్టిపారేయలేను.

కొన్ని ప్రతుల్లో ‘ఫ్లెక్సినెత్తు’ అని పాఠాంతరం. గణాలు సరిపోయాయి గానీ ‘బా’కు ‘ఫ్లె’తో యతి చెల్లదు. సంబరంలో సీసా లేదని ఇంట్లోవాళ్ళను నమ్మించడానికి ఎవరో తర్వాత దిద్దినట్టుంది.

తాత్పర్యము. పుట్టినరోజు ఒకరిది, భోజనం ఇంకొకరిది.

విశేషములు. ముందుగా వ్యాకరణం. కోసి, తిని, కొట్టి, ఎత్తు అని పద్యం నిండా క్రియలే. కర్త ఎక్కడా లేడు. దీన్ని దోషమనే వారికి లోకజ్ఞానం లేదు. నడిరోడ్డు మీద కత్తితో కేకు కోస్తే ఆయుధాల చట్టం కింద కేసు పెడుతున్న రోజులివి. స్టేషన్లో ‘ఎవడ్రా కోసింది?’ అని అడిగినప్పుడు దొరక్కుండా కవి కర్తను ముందే దాచేశాడు. 2025 జనవరిలో డాకు మహారాజ్ విడుదలప్పుడు తిరుపతిలో థియేటరు ముందు జంతుబలి ఇచ్చినవారికి ఈ సూక్ష్మం తెలియలేదు. వీడియో తీసుకున్నారు, అరెస్టయ్యారు.

ఇక సంగటి. నందమూరి వారిది కృష్ణా జిల్లా నిమ్మకూరు, హీరో పుట్టింది మద్రాసు. ఉలవచారో, గోంగూరో ఉండవలసిన చోట రాగి ముద్ద ఎలా వచ్చిందని శంక. సమాధానం వెండితెర మీదుంది. 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, మరుసటేడు చెన్నకేశవరెడ్డి వచ్చాక అభిమానుల లెక్కలో ఆయన సీమ మనిషి అయిపోయాడు. 2014 నుంచి మూడుసార్లు వరసగా హిందూపురం ఓటర్లు ఆ లెక్కకు ముద్ర వేశారు.

ఈ ఒక్క విషయంలో కవికి చేతులెత్తి మొక్కుతాను, సంగటి మామూలు వంట కాదు. బియ్యం మెత్తగా ఉడికి నీళ్ళు ఇంకా తెర్లుతుండగా రాగిపిండి నడిమధ్య కుప్పగా పోసి, కదపకుండా మగ్గనివ్వాలి. తర్వాత కట్టె పెట్టి, ఉండ కట్టకుండా, భుజం నొప్పి పుట్టేదాకా కెలకాలి. తడిచేత్తో ముద్ద చేసి, నడుమ బొటనవేలితో గుంట పెట్టి, అందులో పులుసు పోస్తే పొగ కక్కుతుంది. నమలకూడదు, మింగాలి. కేకు మీద హీరో బొమ్మ వేయడం బేకరీ మిషను చేసే పని, ఇక్కడ మాత్రం ఒక మనిషి చెమటోడ్చాడు. ఫ్లెక్సీ మీద ఆ వంటమనిషి ఫొటో ఉండదు.

‘జై కొట్టి’ అన్నచోట కొట్టేది అభిమాని. కర్త, కర్మ తారుమారైన ప్రయోగాలు సెల్‌ఫోను వీడియోల్లో దండిగా దొరుకుతాయి. చెంప మీద పడ్డ దెబ్బను ఆశీర్వాదమని చెప్పుకునే భాష్యకారులు బాలయ్య అభిమానుల్లో ఉన్నారు. నాకా భాష్యం మింగుడు పడదు, అది సంగటి కాదు గనుక. 2016లో ఒక ఆడియో వేడుకలో ఆడవాళ్ళ గురించి అన్న మాటకు ఆయనే క్షమాపణ చెప్పారు. అభిమానులు మాత్రం ఆ మాటనూ వెనకేసుకొచ్చారు.

అలంకారం స్వభావోక్తి. అతిశయోక్తి అనేవారు 2003 నాటి పల్నాటి బ్రహ్మనాయుడు చూసి ఉండరు. అందులో తొడ కొడితే రైలు వెనక్కి పోతుంది. ఆ సినిమా ముందు ఈ పద్యం పంచాయతీ నోటీసు.

మిగిలింది సీసా. అందులో ఉండవలసింది మాన్షన్ హౌసేనని అభిమానుల సంప్రదాయం. ఆ బ్రాందీకి రూపాయి ఖర్చు లేని ప్రచారకులు వీరే. అమెరికాలో పార్కింగు స్థలాల్లో కేకు కోసే మనవాళ్ళకూ ఈ సంప్రదాయం తెలుసు. ఇంతవరకు నవ్వుకోవచ్చు. కానీ ఈ బాబే హైదరాబాదులో బసవతారకం ఇండో-అమెరికన్ కాన్సర్ ఆస్పత్రికి ఛైర్మన్. 1984లో కాన్సర్‌తో పోయిన తల్లి పేరది. 2000లో తెరిచిన ఆ ఆస్పత్రిలో, జబ్బుతో ఉన్న పిల్లల మధ్య ఆయన పుట్టినరోజు కేకు కోసిన ఏళ్ళున్నాయి. మద్యాన్ని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే కాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఒకే పేరు మీద సీసా, ఆస్పత్రి. ఆలంకారికులు దీన్ని విరోధాభాసం అంటారేమో, నాకైతే ఇందులో ఆభాసం ఎక్కడా కనబడలేదు. నాలుగు పాదాల్లో కత్తికీ కోడికీ చోటిచ్చిన కవికి ఆస్పత్రి గుర్తు రాకపోవడం ఈ పద్యంలో నేను పట్టిన ఒకే ఒక్క దోషం.

ఫలశ్రుతి. ఈ పద్యమును జూను పదిన పఠించినవారికి తదుపరి చిత్రమునకు బెనిఫిట్ షో టికెట్టు లభించును. మూడు పాదములతో ఆపి, నాలుగవ పాదము డబ్బును ఆ ఆస్పత్రిలో కట్టి రసీదు పుచ్చుకొన్నవారికి బాల్కనీ టికెట్టే లభించును. ఆపలేనివారు బండి తాళము తాగనివాని చేతికిచ్చి వెనుక కూర్చొనవలెను.