బావగారి చెవి

బావమరిది కారు గేటు ముందు ఆగితే "రా రా, లోపలికి రా" అనే బావలు లోకంలో ఉంటారు. మా పెద్ద బావగారు "ఇంజన్ ఆపకు" అంటారు.

అక్కడితో నా ఆదివారం ఆయనదైపోతుంది. కుడిచెయ్యి పైకెత్తి, తల కాస్త ఎడమకి వంచి, కళ్లు మూసుకుంటారు. కార్లో పిల్లలు సహా అందరం నోరు మూసుకోవాలి. "వినబడతన్నాదా?" అంటారు. నాకేం వినబడదు. "అదిగో... కటకటకటమని... రేకు డబ్బాలో శనగలు పోసి ఆడించినట్టు." ఆ మాట చెవిన పడ్డాక ఇక నాకు అదొక్కటే వినబడుతుంది. గాజువాక నుంచి ఇంటిదాకా దారి పొడుగునా శనగలే. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర బండి ఆగితే మరీనూ. బావగారు శబ్దాన్ని కనిపెట్టరు, అంటిస్తారు.

ఇలాంటి బంధువు మీకూ ఒకరుండే ఉంటారు. విశాఖలో అయితే వీధికొకరు. స్టీల్ ప్లాంటులోనో, పోర్టులోనో, షిప్‌యార్డులోనో ఏళ్లతరబడి యంత్రాలతో కాపురం చేసి రిటైరైనవాళ్లు. పెళ్లికెళ్తే సన్నాయి మీద కన్నా పందిరి వెనక జనరేటరు మీదే వాళ్ల ధ్యాస. మా బావగారిది వైర్ రాడ్ మిల్లులో మెయింటెనెన్సు. మూడు బ్లాస్ట్ ఫర్నేసులకీ గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టి పిలుచుకునే ప్లాంటు అది. అక్కడి మనిషి యంత్రాన్ని కుశలమడగడంలో వింతేముంది? 1992లో పి.వి. నరసింహారావు ప్లాంటుని జాతికి అంకితం చేశారు. ఆ సంగతులు అడిగితే ప్రధాని ఏం మాట్లాడారో బావగారికి గుర్తులేదు. ఆ వారం ఏ మోటారు ఏ శ్రుతిలో తిరిగిందో మాత్రం పాడి వినిపిస్తారు.

ఆయన పరీక్షకి ఓ క్రమం ఉంది. ముందు ఏసీ కట్టెయ్యాలి. శబ్దం ఆగితే తప్పు కంప్రెసర్ వైపు. ఆగలేదు. క్లచ్ తొక్కాలి. తొక్కగానే పోతే గేర్‌బాక్సులో బేరింగు. పోలేదు. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు గలగలమని, ఆ తర్వాత సర్దుకుంటే టైమింగ్ చైను టెన్షనరో, ఆయిలు అందని టాపెట్లో. నా బండి వేడెక్కాక కూడా సర్దుకోలేదు. డిప్‌స్టిక్ లాగి చూసి, "ఆయిలు బాగానే ఉందే" అన్నారు, ఒకింత నిరాశగా.

అప్పుడు మూరెడు స్క్రూడ్రైవర్ వచ్చింది. మొన ఇంజన్ మీద, పిడి చెవి పక్క ఎముక మీద. 1816లో ఫ్రాన్సులో లెనెక్ అనే డాక్టరు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి ఛాతీకి ఆనించి గుండె విన్నాడు. స్టెతస్కోపు పుట్టింది అలాగే. బావగారి లెక్కలో లెనెక్ మంచి మెయింటెనెన్సు మనిషి, పొరపాటున డాక్టరీలో చేరాడంతే.

"ఏవండీ, ఆ లుంగీ బెల్టులో పడుద్ది!" అని వంటింట్లోంచి అక్క. "ఉప్మా చల్లారిపోతోంది" అని మళ్లీ అక్క. ఆయన లెక్కల్లో ఉన్నారు. "ఐడ్లింగు ఎనిమిదొందలు. నాలుగు సిలిండర్లు, చుట్టుకి రెండు పేలుళ్లు. నిమిషానికి పదహారొందలు. అంటే సెకనుకి ఇరవై ఆరూ ముప్పావు దాకా. ఆ ఊపుకి ఊగేదేదో అదే దొంగ. ఏదీ, కాస్త రేజ్ చెయ్." చేశాను. శబ్దం మాయం. వదిలాను. ప్రత్యక్షం. "ఇంజన్ తప్పేం లేదు" అని తీర్పు చెప్పి, చీపురుకర్ర తిరగేసి కారు కిందికి వంగారు. కర్రతో సైలెన్సర్ గొట్టం మీది రేకుని నొక్కారు. కటకట ఆగింది. కర్ర తీశారు. మొదలైంది.

గొట్టం వేడి పైకి తగలకుండా కప్పే పల్చటి రేకు అది, హీట్ షీల్డ్. ఓ బోల్టు చుట్టూ తుప్పు తినేసి, బోల్టు తల కన్నా కన్నం పెద్దదైపోయింది. రేకుని పట్టుకునేదేమీ లేక అది కొట్టుకుంటోంది.

ఇంతవరకూ వైద్యం. ఇక్కణ్నుంచి తీర్పు. "ఉప్పుగాలిరా! కూర్మన్నపాలెంలో ఫ్లాట్ చూపించేను. వద్దన్నావ్. సముద్రం కనబడాలన్నావ్. ఇప్పుడు వినబడతన్నాది, విను."

ఆటోనగర్ తీసుకెళ్తానన్నాను. నన్ను చూసిన చూపుకి పక్కనున్న అక్క కూడా తలదించుకుంది. గొట్టం చల్లారేదాకా కదలనివ్వలేదు. అంటే మధ్యాహ్నం భోజనమూ అక్కడే. ఆనక హార్లిక్స్ సీసాలోంచి స్టెయిన్‌లెస్ హోస్ క్లిప్పులు తీసి రెండు కలిపి, రేకునీ గొట్టాన్నీ చుట్టి బిగించారు. "మరీ బిగించకూడదు, రేకు నలిగిపోద్ది." బండి స్టార్ట్ చేస్తే నిశ్శబ్దం. బావగారి మొహంలో వెలితి.

ఆ చెవిని వెక్కిరించడం సులువే. మిల్లులో దాని ఖరీదు వేరు. బేరింగు గొంతు మారిన సంగతి ముందుగా పసిగడితే షట్‌డౌన్ దాకా నెట్టుకురావచ్చు. లేదంటే ఎర్రగా కాలిన కడ్డీ దారి తప్పి స్టాండ్ల మధ్య చిక్కుపడి, మిల్లంతా ఆగిపోతుంది. పెన్షను కాగితాల్లో ఆ చెవికి లెక్క లేదు. అందుకే అది మా కార్ల మీద పడింది.

ఆయన సొంత వాహనం ఓ పాత స్కూటరు. సైడు డోరు, స్టాండు, నంబరు ప్లేటు, ఎవరి పాట వాళ్లది. అది జంక్షన్ దగ్గర మలుపు తిరిగేసరికే అక్క ఎసట్లో బియ్యం పోస్తుంది. "బావగారూ, మరి దీని సంగతేటి?" అన్నాను సాయంత్రం, ఉండబట్టలేక.

కిక్ కొడుతూ నావైపు జాలిగా చూశారు. "ఈ సౌండ్లన్నీ నాకు తెలుసు కదరా. తెలిసినోళ్లతో గొడవేటి? తెలియనోడొస్తే కదా, నిలబెట్టి ఎవరని అడగాలి!"